విద్యా ఋణమెరిగిన విద్వాంసుడు – అల్‌బెరూనీ

మానవుడు మూడు ఋణాలను నెత్తిన మోసుకొని ఈ లోకంలోకి వస్తాడని మన పెద్దలు చెప్పారు. దేవ ఋణం, పితృ ఋణం, ఋషి ఋణం అన్నవి ఆ మూడు. వీటిలో ఋషి ఋణమంటే మనకు విద్యను అందించిన పూర్వులకు మనం పడిన బాకీ. ఇస్లామీయ సంప్రదాయంలో ఇంచుమించు ఇదే భావాన్ని అమానత్ అనే మాట తెలుపుతుంది. ఒకరు నమ్మి మన చేతికి అప్పగించినది అమానత్. దానిని భద్రంగా కాపాడడమూ, అది ఎవరిదో మరువకుండా ఉండడమూ మన విధి. హదీసు విద్యలో ఇస్నాద్ అనే ఏర్పాటు ఈ భావం నుండి పుట్టినదే. ఫలానా వారు ఫలానా వారి నుండి విన్నారని పేరుపేరునా గొలుసుగా చెప్పనిదే ఆ విద్యలో ఏ మాటకూ విలువ ఉండదు.

ఒకరి రచనను తనదిగా చెప్పుకోవడాన్ని తెలుగులో గ్రంథచౌర్యమంటున్నాము. ఉర్దూ, ఫారసీ, అరబీ అలంకారికులు దానిని సర్ఖా అన్నారు. సంస్కృతంలో రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో శబ్దహరణమనీ, అర్థహరణమనీ దీనికి వేర్వేరు ప్రకరణాలే కేటాయించాడు. అంటే ఈ జాడ్యం నేటిది కాదు. కాని వెయ్యేళ్ల క్రిందట, అచ్చుయంత్రం గాని, రచయితకు హక్కులిచ్చే చట్టం గాని లేని కాలంలో, తాను ఎవరి దగ్గర ఏమి తీసుకున్నదీ జీవితమంతా పద్దు వ్రాసినట్లు వ్రాసుకున్న ఒక మహావిద్వాంసుడు ఉన్నారు. ఆయనే అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ అల్‌బెరూనీ. భారతదేశ చరిత్ర చదివే ప్రతి విద్యార్థికీ ఆయన పేరు పరిచితమే. కాని గజనీ మహమూద్ కాలంలో మన దేశానికి వచ్చిన పండితుడన్న ఒక్క వాక్యంతోనే మన పాఠ్యపుస్తకాలు ఆయనను తరచుగా సాగనంపుతాయి. ఆయన జీవితంలోని మరొక పార్శ్వాన్ని ఈ సంచిక పాఠకుల ముందు ఉంచాలని మా ప్రయత్నం.

అల్‌బెరూనీ 973వ సంవత్సరం సెప్టెంబరు 4న, హిజ్రీ 362లో, ఖ్వారజ్మ్ దేశపు రాజధాని కాథ్ నగర ప్రాంతంలో జన్మించారు. ఆ ప్రదేశం నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉన్నది. అక్కడి పట్టణం ఈనాడు ఆయన పేరనే పిలువబడుతున్నది. బెరూన్ అనగా ఫారసీలో వెలుపల అని అర్థం. నగరం వెలుపలి వాడు కనుక బెరూనీ అయ్యారని చెబుతారు. తన వంశాన్ని గురించి గొప్పలు చెప్పుకొనే అలవాటు ఆయనకు లేదు. అటువంటి వెలుపలి బాలుని చేరదీసి గణితం, ఖగోళశాస్త్రం నేర్పినవారు అబూ నస్ర్ మన్సూర్ ఇబ్న్ ఇరాఖ్. ఈయన ఖ్వారజ్మ్ పాలకులైన బనూ ఇరాఖ్ వంశపు రాకుమారుడు, గొప్ప గణితవేత్త. రాకుమారుడైన గురువు, పేరులేని శిష్యుడు. ఈ జంట కథే మన వ్యాసానికి ప్రాణం వంటిది.

995లో బనూ ఇరాఖ్ వంశం పదవీచ్యుతమైంది. ఇరవై రెండేళ్ల బెరూనీ దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. నేటి తెహరాను సమీపాన ఉన్న రయ్య్ నగరంలో ఆయన పేదరికంలో కాలం గడిపారు. ఆ రోజులలో ఒక జ్యోతిశ్శాస్త్రవేత్తతో శాస్త్ర విషయమై అభిప్రాయభేదం వస్తే, అతడు బెరూనీ వాదంలోని బలాబలాలను చూడలేదు. ఆయన చినిగిన బట్టలను చూచి తీసివేశాడు. కొంతకాలానికి బెరూనీ పరిస్థితి మెరుగుపడగా అదే పెద్దమనిషి స్నేహహస్తం చాపాడు. ఈ సంఘటనను బెరూనీయే తన గ్రంథంలో చెప్పుకున్నారు. మాట విలువ ఆ మాటలో ఉంటుంది గాని, చెప్పినవాని హోదాలో ఉండదన్న పాఠం ఆయనకు ఆ వయస్సులోనే ఒంటబట్టిందని మనం అనుకోవచ్చు.

రయ్య్‌లోనే ఖుజందీ అనే ఖగోళవేత్తతో ఆయనకు పరిచయమైంది. ఖుజందీ 994లో ఒక పెద్ద షష్ఠాంశ యంత్రాన్ని నిర్మించి, సూర్యుని ఎత్తును కొలిచి, భూమి అక్షం వంపును లెక్కగట్టాడు. ఆ యంత్రం ఒక ప్రక్కకు కొద్దిగా క్రుంగిపోయినదన్న సంగతిని ఖుజందీయే బెరూనీకి చెప్పాడు. బెరూనీ తరువాత ఆ లోపాన్ని గురించి వ్రాసినప్పుడు, దానిని తన పరిశీలనగా చెప్పుకొనలేదు. ఖుజందీ నోట విన్నదేనని స్పష్టంగా వ్రాశారు. ఎదుటివాని తప్పును మనమే పట్టుకున్నామని చాటుకోవడానికి ఇంతకు మించిన అవకాశం దొరకదు. దానిని ఆయన వదులుకున్నారు.

997 మే 24న ఒక చంద్రగ్రహణం వచ్చింది. అంతకు ముందే బెరూనీ బాగ్దాదులోని సుప్రసిద్ధ గణితవేత్త అబుల్ వఫాతో ఒప్పందం చేసుకున్నారు. బెరూనీ కాథ్ నుండి, అబుల్ వఫా బాగ్దాదు నుండి ఒకే గ్రహణాన్ని చూచి కాలాన్ని నమోదు చేశారు. రెండు స్థలాల కాలభేదాన్ని బట్టి వాటి రేఖాంశాల అంతరాన్ని లెక్కించారు. ఇద్దరు పండితులు ఎంతో దూరాన ఉండి ఒకే పరిశోధనలో పాలుపంచుకోవడం, ఆ ఫలితాన్ని ఇద్దరి పేరిటా చెప్పడం ఆనాటికి విశేషమే.

ఇక ఆయన నిజాయితీకి అసలైన పరీక్ష యౌవనంలోనే ఎదురైంది. గోళం మీది త్రిభుజాలకు సంబంధించి జ్యా సిద్ధాంతం అనే గొప్ప సూత్రం ఆ తరంలో బయటపడింది. అంతవరకు గ్రీకు పండితుల నాటి ఒక చిక్కుముడి వంటి పద్ధతితో లెక్కలు చేసేవారు. క్రొత్త సూత్రం ఆ శ్రమనంతా తప్పించింది. దీనిని కనుగొన్నది మేమేనని ముగ్గురి తరఫున వాదం వచ్చింది. ఒకరు బాగ్దాదులోని అబుల్ వఫా. రెండవవారు ఖుజందీ. మూడవవారు బెరూనీ గురువు అబూ నస్ర్. ముగ్గురూ బెరూనీకి తెలిసినవారే. ఒకరు గ్రహణ పరిశీలనలో భాగస్వామి, ఒకరు పరిచయస్థుడు, ఒకరు విద్య పెట్టిన గురువు.

ఈ సంగతిని బెరూనీ మఖాలీద్ అనే తన ఖగోళ గ్రంథంలో చర్చించారు. గురువుగారే కనుగొన్నారని ఒక్క మాట వ్రాసి ఊరుకోవడం సులువు. అందరికీ తెలిసినదే గదా అని ఎవరి పేరూ లేకుండా సూత్రాన్ని వాడుకోవడం ఇంకా సులువు. ఆయన ఆ రెండూ చేయలేదు. ఎవరు ఏ గ్రంథంలో ఏమి చెప్పారో, ఎవరి నిరూపణ ఎటువంటిదో వరుసగా పెట్టి, ఆ తరువాతనే గురువు వైపు మొగ్గు చూపారు. శిష్యుడు గురుపక్షం వహించాడని నేటి చరిత్రకారులు అనుమానించవచ్చు. ఈ విషయంలో నేటికీ వారిలో ఏకాభిప్రాయం లేదు. కాని అలా అనుమానించడానికి కావలసిన ఆధారాలను కూడా మనకు మిగిల్చినవారు బెరూనీయే. ప్రత్యర్థుల వాదాన్ని దాచిపెట్టి ఉంటే నేడు ఆ చర్చకే తావు ఉండేది కాదు.

ఉర్దూ కవితాశాస్త్రంలో తవారుద్ అనే మాట ఒకటి ఉన్నది. ఇద్దరు కవులకు ఒకరినొకరు చూడకుండానే ఒకే భావం తట్టడం తవారుద్. సర్ఖా వేరు, తవారుద్ వేరు. ఒకే కాలంలో ఒకే సమస్య మీద పనిచేసే పండితులకు ఒకే సమాధానం దొరకడం వింత కాదు. కనుక ఇద్దరి ఫలితాలు కలిసినంత మాత్రాన దొంగ అని ముద్ర వేయరాదు. అదే విధంగా తవారుద్ అనే ముసుగు వేసుకొని దొంగతనం చేయనూరాదు. ఈ రెంటినీ వేరు చేయగలిగినది ఒక్కటే. ఎవరు ఎప్పుడు ఏమి వ్రాశారన్న నిజాయితీ గల లెక్క.

క్రీ.శ. 1000 ప్రాంతంలో కాస్పియన్ తీరపు గుర్గాను పాలకుడు ఖాబూస్ ఆశ్రయంలో ఉండగా బెరూనీ తన మొదటి మహాగ్రంథం ఆసారుల్ బాఖియాను వెలువరించారు. వివిధ జాతుల పంచాంగాలను, పండుగలను, శకాలను పోల్చిన గ్రంథమది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏడేళ్లు. తరువాత స్వదేశం చేరి అక్కడి షా ఆస్థానంలో గౌరవం పొందారు. కాని 1017లో గజనీ సుల్తాన్ మహమూద్ ఖ్వారజ్మ్‌ను జయించాడు. బెరూనీనీ, గురువు అబూ నస్ర్‌నూ గజనీకి తరలించారు. విద్వాంసులు కూడా ఆ విజయంలో దొరికిన సొత్తులలో భాగమైనారు. బెరూనీ జీవితంలో శేషభాగమంతా గజనీ నీడలోనే గడిచింది.

గజనీ పాలన భారతదేశంలోకి విస్తరించడంతో ఆయనకు ఈ దేశాన్ని చూచే అవకాశం కలిగింది. నేటి పాకిస్తాన్‌లోని పంజాబు ప్రాంతపు నందన కోట వద్ద ఆయన ఒక కొండ ఎత్తును కొలిచి, ఆ శిఖరం నుండి దిగంతరేఖ ఎంత క్రిందకు వంగి కనిపిస్తున్నదో చూచారు. ఆ కోణం కేవలం 34 కళలు, అనగా ఒక డిగ్రీలో కాస్త సగానికి మించినంత. ఆ చిన్న కోణం నుండి భూమి వ్యాసార్ధాన్ని లెక్కగట్టారు. నేడు అనేక పుస్తకాలు ఈ పద్ధతిని కనుగొన్నది బెరూనీయేనని వ్రాస్తున్నాయి. కాని బెరూనీ మాత్రం అలా వ్రాయలేదు. తనకు రెండు శతాబ్దాల ముందు ఖలీఫా మామూన్ దండయాత్రలో వెంట వెళ్లిన సనద్ ఇబ్న్ అలీ సముద్రం ప్రక్కనున్న ఒక కొండ మీద ఇదే పద్ధతిని ప్రయత్నించాడని తన తహ్దీద్ గ్రంథంలో వెల్లడించారు. అంతేకాదు, మామూన్ కాలపు పండితులు ఎడారిలో నేలను కొలిచి సాధించిన అంకెకు తన అంకె దగ్గరగా వచ్చిందని చెప్పి, వారి పరికరాలు సూక్ష్మమైనవి గనుక వారి కొలతకే ఎక్కువ విలువనిచ్చారు. లోకం తనకు కట్టబెట్టబోయే కిరీటాన్ని ఆయన ముందుగానే మరొకరి తల మీద పెట్టి వెళ్లారు. లోకమే చూచుకోలేదు.

1030లో పూర్తయిన కితాబుల్ హింద్ ఆయన కీర్తికి పతాక. ఎనభై ప్రకరణాల ఈ గ్రంథంలో భారతీయుల మతం, తత్త్వం, సాహిత్యం, గణితం, ఖగోళం, భూగోళం, ఆచారాలు, న్యాయం అన్నిటినీ వివరించారు. ఈ గ్రంథ రచనకు ప్రేరణ ఏమిటో ఆయన పీఠికలో చెప్పారు. హిందువుల మతాన్ని గురించి అప్పటికి అరబీలో ఉన్న పుస్తకాలు చాలావరకు ఒకదానినుండి మరొకటి ఎత్తి వ్రాసినవే. మొదటివాడు విన్నమాట వ్రాస్తే, రెండవవాడు దానిని పరీక్షించకుండా దింపుకున్నాడు, మూడవవాడు రెండవవానిని దింపుకున్నాడు. ఒక పండిత మిత్రునితో జరిగిన సంభాషణలో ఈ ప్రస్తావన వచ్చి, నీవే సరిగా వ్రాయరాదా అని ఆయన ప్రోత్సహించగా బెరూనీ పూనుకున్నారు. అంటే కితాబుల్ హింద్ పుట్టుకకే నకళ్ల మీది అసంతృప్తి కారణం. నకలు చేసినవాడు మూల రచయితకు మాత్రమే అన్యాయం చేయడు. తప్పును కూడా తరతరాలకు మోసుకుపోతాడు. పరాయి మతాన్ని గురించిన అబద్ధం అలా నకళ్ల మీద నకళ్లుగా పాకితే రెండు జాతుల నడుమ గోడలు లేస్తాయి. ఈ ప్రమాదాన్ని ఆయన గుర్తించారు.

అందుకొరకు నడివయస్సులో సంస్కృతం నేర్చుకున్నారు. ఒకే వస్తువుకు పది పేర్లు, ఒకే పేరుకు పది అర్థాలు ఉన్న భాష అది. వ్రాయసగాండ్ర అశ్రద్ధ వలన ప్రతులు తప్పులతో నిండి ఉండేవి. సుల్తాను దండయాత్రల వలన ఈ దేశ సంపద ధ్వంసమైనదనీ, పండితులు కాశ్మీరం, కాశీ వంటి దూరప్రాంతాలకు తరలిపోయారనీ ఆయన దాచకుండా వ్రాశారు. ఆ సుల్తాను రాజ్యంలోనే ఉంటూ ఈ మాట వ్రాయడానికి గుండె కావాలి. పండితుల దగ్గర మొదట శిష్యుని వలె కూర్చున్నారు. తరువాత ఆయన గణిత పాండిత్యం చూచి, ఇది ఏ హిందూ గురువు నేర్పినదని వారే ఆశ్చర్యపడి అడిగేవారట. సాంఖ్యాన్ని, పతంజలి యోగాన్ని అరబీలోకి తెచ్చారు. భగవద్గీతను, విష్ణు, వాయు, మత్స్య పురాణాలను, బ్రహ్మగుప్తుని సిద్ధాంతాన్ని, వరాహమిహిరుని బృహత్సంహితను పేరుపేరునా పేర్కొంటూ, ఏ మాట ఏ గ్రంథంలోనిదో చెబుతూ పోయారు.

ఈ సందర్భంలో ఒక చిన్న విషయం ప్రత్యేకంగా గమనింపదగినది. ఆర్యభటుని గురించి బెరూనీ పలుచోట్ల ప్రస్తావించారు. కాని ఆర్యభటుని గ్రంథమేదీ తనకు లభించలేదనీ, తాను ఎరిగినదంతా బ్రహ్మగుప్తుడు ఉదహరించిన భాగాల ద్వారానేననీ ఒప్పుకున్నారు. బ్రహ్మగుప్తుడు ఆర్యభటుని తీవ్రంగా విమర్శించినవాడు. విమర్శకుని ద్వారా మాత్రమే తెలిసిన పండితుని పట్ల ఎంత జాగ్రత్త కావాలో బెరూనీకి తెలుసు. అందుకే బ్రహ్మగుప్తుని ప్రతిభను మెచ్చుకుంటూనే, ఆర్యభటుని పట్ల అతడు వాడిన పరుషవాక్యాలను మెచ్చలేదు. చదవని గ్రంథాన్ని చదివినట్లు చూపించుకోవడం కూడా ఒక విధమైన చౌర్యమే. నేడు ఎన్ని సిద్ధాంత వ్యాసాలలో, చూడని గ్రంథాల పేర్లు బారులు తీరి కనిపించడం లేదు?

పంచతంత్రం విషయంలోను ఆయన ఇదే చూపు చూపారు. చిన్నయ సూరిగారి నీతిచంద్రిక ద్వారా ఆ కథలు తెలుగు విద్యార్థులకు సుపరిచితాలు. అవి పహ్లవీ భాష గుండా అరబీలోకి కలీలా వ దిమ్నా అనే పేరున ఇబ్న్ అల్ ముఖఫ్ఫా చేతి మీదుగా వెళ్లాయి. ఆ అనువాదకుడు తన సొంత ఉద్దేశాల కోసం బర్జూయా అనే వైద్యుని ప్రకరణాన్ని అందులో చేర్చాడని బెరూనీ అనుమానించారు. ఒకచోట చేర్చినవాడు మిగిలినచోట్ల మార్చలేదని నమ్మకమేమిటని ఆయన ప్రశ్న. కనుక అవకాశముంటే మూలం నుండి తానే తిరిగి అనువదించాలని కోరుకున్నారు. ఇతరుల మాటను తనదని చెప్పడం ఒక దోషమైతే, తన మాటను ఇతరుల నోట పెట్టడం రెండవ దోషం. రెండూ అమానత్‌లో ఖియానత్, అనగా నమ్మకద్రోహమే.

1036 ప్రాంతంలో, అరవై దాటిన వయస్సులో, ఒక మిత్రుడు వైద్యశిఖామణి రాజీ గ్రంథాల పట్టిక వ్రాసిపెట్టమని కోరాడు. ఆ పట్టికలో బెరూనీ తన యౌవనపు ముచ్చట ఒకటి చెప్పారు. రాజీ గ్రంథం ఒకదానిలో మానీ మతప్రవక్త వ్రాసిన రహస్య గ్రంథపు ప్రస్తావన చూచి, ఆ మూలాన్ని స్వయంగా చదవాలని నలభై ఏళ్లకు పైగా వెదికారట. చివరకు దొరికింది. చదివి చూస్తే నిస్సారమని తేలింది. ఒక ఉదాహరణను సరిచూచుకోవడానికి నలభై ఏండ్లు!

అదే పట్టిక చివర తన గ్రంథాల జాబితాను కూడా చేర్చారు. అప్పటికే అవి నూటికి పైబడ్డాయి. వాటితోబాటు తన పేర ఇతరులు రచించిన గ్రంథాలు ఇరవై అయిదింటిని విడిగా చూపారు. అందులో పన్నెండు గురువు అబూ నస్ర్‌వి, పన్నెండు మిత్రుడు అబూ సహల్ మసీహీవి, ఒకటి అబూ అలీ జీలీ అనే పండితునిది. ఇరాఖీ వంశపు గురువు ఆ కాలానికే కన్నుమూశారు లేదా కన్నుమూసే దశలో ఉన్నారు. అబూ సహల్ ఏనాడో గతించాడు. తన పేర వెలసిన గ్రంథాలను తన ఖాతాలో కలుపుకుంటే అడిగేవారు లేరు. కాని ఆయన ఎవరి పేరు ఎదుట వారి గ్రంథాలను వ్రాసి, లెక్క తేల్చి, కలం పక్కన పెట్టారు.

ఈ కథకు మన తెలుగు నేల మీద ఒక చక్కని ముగింపు ఉన్నది. 1888లో హైదరాబాదులో ఆరంభమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అరబీ వ్రాతప్రతులను పరిష్కరించి అచ్చు వేయడంలో ప్రపంచ ఖ్యాతి గడించింది. బెరూనీ ఖగోళ మహాగ్రంథం అల్ ఖానూన్ అల్ మసూదీ 1954-56 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా ఇక్కడే అచ్చయింది. 1958లో కితాబుల్ హింద్ మూలం కూడా వెలువడింది. వీటన్నిటికంటె మా మనస్సును కదిలించినది 1948లో వెలువడిన రెండు సంపుటాలు. ఒకటి బెరూనీ లఘుగ్రంథాల సంపుటి. రెండవది బెరూనీకి అబూ నస్ర్ వ్రాసి పంపిన గ్రంథాల సంపుటి. శిష్యుడు తొమ్మిది వందల ఏండ్ల క్రిందట ఏ పద్దు ఎవరిదని వ్రాసిపెట్టాడో, అదే ప్రకారం గురువు సంపుటి గురువు పేరున, శిష్యుని సంపుటి శిష్యుని పేరున హైదరాబాదులో అచ్చయ్యాయి.

బెరూనీ చివరి గ్రంథం ఔషధాలను గురించినది. అప్పటికి చూపు, వినికిడి మందగించాయి. ఈ రచనలో తనకు తోడ్పడిన వైద్యుడు నహ్‌షయీ పేరును ఆయన పీఠికలోనే చెప్పారు. ఆయన మరణం 1048లో అని సంప్రదాయంగా చెబుతారు. చివరి గ్రంథంలో తన వయస్సును గురించి ఆయన చెప్పుకున్నదానిని బట్టి 1050 తరువాత అని భావించే పండితులూ ఉన్నారు. మరణశయ్య మీద ఉన్నప్పుడు ఒక న్యాయవేత్త చూడవస్తే, వారసత్వపు వాటాలలోని ఒక చిక్కును గురించి అడిగారనీ, ఈ స్థితిలోనా అని అతడు జాలిపడితే, తెలియక పోవడం కంటె తెలిసి పోవడం మేలు కదా అన్నారనీ, సమాధానం విని అతడు వీధిలోకి వచ్చేసరికి ఇంటిలో నుండి ఏడ్పులు వినిపించాయనీ యాఖూత్ అనే చరిత్రకారుడు కథ చెప్పాడు. జీవితాంతం ఇతరుల నుండి నేర్చుకోవడానికి సిగ్గుపడని వాడే, నేర్చుకున్నానని చెప్పడానికి కూడా సిగ్గుపడడు.

ఇప్పుడు మా సంగతి ఒకటి చెప్పక తప్పదు. మేము డిగ్రీ చదివే రోజులలో చదువుకున్న కళాశాల వార్షిక సంచికకు ఒక వ్యాసం ఇచ్చాము. అందులో సగానికి పైగా గ్రంథాలయంలోని ఒక పాత పుస్తకం నుండి దింపినదే. ఆ రచయిత పేరు ఎక్కడా చెప్పలేదు. వ్యాసం అచ్చయింది. బహుమతి వచ్చింది. మా అబ్బాజాన్ ఇంటికి వచ్చిన వారందరికీ ఆ సంచిక తెరచి చూపేవారు. ఆయన ముఖంలోని ఆ సంతోషాన్ని చూచి నిజం చెప్పే ధైర్యం మాకు చాలలేదు. ఆయన వెళ్లిపోయారు. సంచిక ఇంకా మా బీరువాలో ఉన్నది. ఇన్నేళ్లుగా విద్యార్థుల జవాబు పత్రాలలో గైడు పుస్తకాల వాక్యాలను ఎర్రసిరాతో గుర్తించిన ప్రతిసారీ ఆ సంచిక మాకు గుర్తుకు వస్తూనే ఉన్నది. ఆ బాకీని నేడు ఈ పుటలలో ఒప్పుకుంటున్నాము.

విద్యార్థులారా! 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం గ్రంథచౌర్యంపై నిబంధనలు తెచ్చింది. పది శాతం వరకు పోలికకు శిక్ష లేదు. అరవై శాతం దాటితే పరిశోధక విద్యార్థి నమోదే రద్దవుతుంది. కొలవడానికి యంత్రాలు వచ్చాయి. అడిగిన వెంటనే వ్యాసం వ్రాసియిచ్చే యంత్రాలు కూడా వచ్చాయి. కాని శాతాలు కొలిచే యంత్రం మన వాక్యాలను పట్టుకుంటుందే గాని మన అంతరాత్మను పట్టుకోలేదు. మాటలు మార్చి భావాన్ని అపహరించినవాడు ఆ యంత్రం కన్నుగప్పి బయటపడవచ్చు. బెరూనీని తూచిన త్రాసు అది కాదు.

క్రొత్తగా ఆలోచించాలంటే ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరాదని భయపడవలసిన పని లేదు. బెరూనీ అంతగా తీసుకున్నవాడు అరుదు. గ్రీకుల వద్ద, భారతీయుల వద్ద, గురువు వద్ద, మిత్రుల వద్ద, చివరకు ప్రత్యర్థుల వద్ద కూడా తీసుకున్నారు. తీసుకున్నది ఎవరిదో చెప్పినందువలననే, మిగిలినది ఆయన సొంతమని లోకం నమ్మింది. అప్పు ఒప్పుకున్నవానికే ఆస్తి నిలుస్తుంది. కళాశాల సంఘం పెద్దలకు మా మనవి ఒక్కటే. ఇకమీదట వార్షిక సంచికలో బహుమతి నిర్ణయించేటప్పుడు, ఎంత అందంగా వ్రాశాడన్న ప్రశ్నతోబాటు, ఎవరి దగ్గర నేర్చుకున్నానని చెప్పాడా అన్న ప్రశ్న కూడా వేయండి. తక్కువ వ్రాసినా తనది తాను వ్రాసిన పిల్లవానికి ఆ బహుమతి దక్కనివ్వండి.

చివరగా మా పద్దు. అరబీ మూలాన్ని చదివి అర్థం చేసుకునే శక్తి మాకు లేదు. కితాబుల్ హింద్‌ను జర్మన్ పండితుడు ఎడ్వర్డ్ సఖావు 1888లో వెలువరించిన ఆంగ్లానువాదం ద్వారానే ఎరుగుదుము. గణిత విషయాలు ఆ శాస్త్రపు చరిత్రకారులు తేల్చిన సంగతులే. ఈ వ్యాసంలో మేము కనిపెట్టినది ఏమీ లేదు. బీరువాలోని ఆ పాత సంచిక ఒక్కటే మా సొంతం.